జలుబు ఎరగని ముక్కు

నవంబరు 3, సోమవారం

ఏడాది మొదట్లో నూనెల వ్యాపారి పంచిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ బీరువాలో దుప్పట్ల కింద ఖాళీగా పడి ఉంది. హైస్కూలు చదువు అయ్యాక సంతకాలు తప్ప నేను రాసిందేమీ లేదు. ఈరోజు పెన్ను పట్టుకోవలసి వచ్చింది. పొద్దున్నే ప్రార్థనకి కూర్చుని కళ్ళు మూసుకుంటే దేవుడికి బదులు ఆ పిల్ల మొహం కనిపించింది. ఒకరి గురించి చెడ్డగా నోటితో అంటే పాపం. మనసులో పెట్టుకుంటే ప్రార్థన పాడవుతోంది. మా ఆయనకి చెబుదామంటే కుట్టుమిషను తొక్కుతూ నవ్వేస్తారు. కాగితమైతే వింటుంది, చాడీలు మోయదు.

సబ్బుల కార్ఖానాలో నాది వాసన గది. వచ్చిన నూనె మంచిదో పాడైందో మరగబెట్టక ముందే చూసి చెప్పాలి. ముద్దలో కలిపే అత్తరు సీసాలూ నా చేతి మీదుగానే పోవాలి. కాగితం పట్టీ ముంచి ముక్కు దగ్గర ఆడిస్తాను. ఒక్కో పట్టీ తర్వాత మోచేతి మడతలో ముక్కు పెట్టుకుని గట్టిగా పీలుస్తాను. మన ఒంటి వాసన తగిలితే ముక్కు మళ్ళీ మామూలవుతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. ఆ పిల్లకి నేను నేర్పాను.

చలికాలం వస్తే మా గదికి భయం. జలుబు చేసిన ముక్కుతో కూర్చుంటే పాడైన నూనె కూడా మంచిదనిపిస్తుంది. అందుకే పద్ధతులు పెట్టాను. లోపలికి వచ్చేముందు సబ్బుతో మణికట్ల దాకా, వేళ్ళ సందులతో సహా చేతులు కడుక్కోవాలి. శాలువాలు బయట కొక్కేనికి తగిలించాలి. ఎవరి గ్లాసు వాళ్ళదే, ఎవరి తువ్వాలు వాళ్ళదే. తుమ్ము వస్తే చేతుల్లోకి కాదు, మోచేతిలోకి. ఎంత చలైనా కిటికీ కొంచెం తెరిచే ఉండాలి. ఇవి పాటించబట్టే కొన్నేళ్ళుగా నన్ను జలుబు ముట్టుకోలేదు. గొప్ప చెప్పుకోవడం కాదు, దేవుడి దయ.

ఆ పిల్ల పోయిన వేసవిలో చేరింది. పిల్ల అంటే పిల్లేం కాదు, ఒక బిడ్డ తల్లి. పొద్దున గదిలో అడుగు పెట్టింది మొదలు తుమ్ములే. కార్ఖానాలో అందరూ తుమ్ముల పిల్ల అనే పిలుస్తారు.

గులాబీ అత్తరు పల్చబడింది. ఎవరో తీసి, అందులో ఇంకేదో పోస్తున్నారు. గది తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఒకటి నా దగ్గర.

నవంబరు 6

గులాబీ ఇంకా పల్చగా ఉంది.

నవంబరు 9, ఆదివారం

ప్రార్థనలో ఉండగా ఆయన కింద కొట్లోంచి మెట్లెక్కి పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఏమే, పాలు మాడి బొగ్గయిపోతుంటే ఇక్కడే కూర్చున్నావా?"

"కళ్ళు మూసుకున్నాను కదండీ."

"కళ్ళు మూసుకుంటే ముక్కు కూడా మూసుకుంటుందా? ఊరందరి నూనెలూ చూసే ముక్కు, ఇంట్లో గిన్నె చూసుకోదు!"

నవ్వారు. నేనూ నవ్వాను. మనసంతా దేవుడి మీద ఉంటే పాలవాసన ఎక్కడ తెలుస్తుంది.

సాయంత్రం కూరగాయలు కొన్నాను. ఉల్లిపాయలకి కూడా ఘాటు లేదు. కోస్తే కళ్ళు మండాయి కానీ వాసన లేదు. నేలకి ఏ మందులు కొడుతున్నారో ఏమో.

నవంబరు 14

ఈ మధ్య సాయంత్రం గది సర్దే వేళకి ఆ పిల్ల ఒకటే తొందర పెడుతోంది.

"మీరెళ్ళండి పెద్దక్కా, చల్లగాలి లేస్తోంది. నేను సర్దేసి తాళం వేసుకుంటాను."

"నీకు బిడ్డ ఎదురుచూస్తుంటాడు కదమ్మాయ్, నువ్వే వెళ్ళు."

"మా అమ్మ దగ్గరున్నాడులెండి. మీరు చెవులకి మఫ్లరు కట్టుకోండి ముందు."

నా పద్ధతులు నాకే చెబుతోంది. మఫ్లరు కట్టుకుని వచ్చేశాను. పొద్దున్నే వెళ్ళి చూస్తే సీసాల మూతలు నేను తిప్పినట్టు లేవు. నేను మూత మీది గీతని నా వైపుకి ఉంచుతాను. గులాబీ సీసా గీత కిటికీ వైపుకి ఉంది. నూనె మచ్చుల డబ్బాల మీది గుడ్డలు కూడా ఎవరో విప్పి కట్టినట్టు ఉన్నాయి.

వాళ్ళమ్మ ఇంటి దగ్గర తలనూనెలు కలిపి అమ్ముతుందట. ఈ సంగతి ప్యాకింగు వాళ్ళు చెప్పారు. నేనడగలేదు.

నవంబరు 18

సీసాల మీద పెన్సిలుతో సన్నగా గీత గీశాను, అత్తరు ఎంత వరకు ఉందో గుర్తుగా. దేవుడా, దొంగలని పట్టుకోవడానికే కదా, క్షమించు.

నవంబరు 20

మట్టం తగ్గలేదు. గీత దగ్గరే ఉంది.

అంటే తీసినంతా మళ్ళీ ఏదో పోసి సరిచేస్తోంది. నేను అనుకున్నంత అమాయకురాలు కాదు.

నవంబరు 23, ఆదివారం

కొత్త అనుమానం వచ్చింది. రాయాలంటే చెయ్యి ఆగుతోంది.

నాకు జలుబు చేయించాలని చూస్తోందేమో. నాకు జలుబు చేస్తే వారం రోజులు గదిలోకి రాకూడదు, ఆ పద్ధతి నేను పెట్టిందే. అప్పుడు కుర్చీ ఆ పిల్లదే. శుక్రవారం తడి తలతో వచ్చింది. నా కుర్చీ చేతి మీద చేతిరుమాలు మరిచిపోయింది, మరిచిపోయిందో పెట్టిందో. పెన్సిలు కొనతో ఎత్తి బయట పడేస్తే నవ్వింది.

"నాది జలుబు కాదు పెద్దక్కా, ఈ సబ్బు పొడి నాకు పడదు. ఇంట్లో ఒక్క తుమ్ము రాదు, మా వాడినడగండి!"

జలుబు చేసిన వాళ్ళందరూ అదే అంటారు.

బస్సులో మొహం మీద చెయ్యి పెట్టుకోవడం మానేశాను. ఇంటికొచ్చీ రాగానే, ఆయనతో మాట్లాడక ముందే, చేతులు కడుక్కుంటున్నాను. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలిస్తున్నాను. పెందరాళే పడుకుంటున్నాను. ఇవాళ యూకలిప్టస్ నూనె వేసి ఆవిరి పట్టాను. కళ్ళమ్మట నీళ్ళు కారాయి కానీ వాసన మాత్రం లేదు. ఆ కొట్టువాడు కూడా కల్తీ సరుకే అంటగట్టాడు. రేపు అడగాలి. ఈ ఊళ్ళో అందరూ కూడబలుక్కున్నట్టే ఉన్నారు.

నాకు మాత్రం జలుబు లేదు. ముక్కు తేలిగ్గా ఉంది. గాలి హాయిగా ఆడుతోంది.

నవంబరు 24

కొట్టువాడు సీసా మూత తీసి వాసన చూసి, ఒక్కసారి తల వెనక్కి తీసుకున్నాడు. "ఇంతకంటే ఘాటుది కావాలంటే మీకు నేను అమ్మలేనమ్మా" అన్నాడు. పక్కన నిలబడ్డ మనిషి కూడా ముక్కు మూసుకున్నాడు. ఇద్దరూ బాగానే నటించారు.

నవంబరు 27

మేనేజరు గారికి చెప్పేశాను. పేరు పెట్టలేదు. "అత్తర్లు పల్చబడుతున్నాయి, తాళంచెవి ఒకరి దగ్గరే ఉంటే మంచిదేమో" అని మాత్రం అన్నాను.

"మీరు అంత మాట అన్నారంటే ఏదో ఉండే ఉంటుంది పెద్దక్కా. మీరు ఒకరి గురించి చెడు చెప్పగా నేనెప్పుడూ వినలేదు."

ఆ మాట విన్నాక ఆగి ఉండాల్సింది. తల ఊపి వచ్చేశాను.

డిసెంబరు 1

ఆ పిల్ల దగ్గర తాళంచెవి తీసేసుకున్నారు. నెలాఖరు దాకా పనిచేసి మానేయమన్నారట. ఎందుకో చెప్పలేదట. కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికే వచ్చింది.

"పెద్దక్కా, మీరొక మాట చెప్పండి. మీరంటే మేనేజరు గారికి గురి. మా వాడి బడి, మా అమ్మ మందులు, అన్నీ నా జీతం మీదే కదా."

"చూద్దాంలే అమ్మాయ్. దేవుడున్నాడు" అన్నాను.

దేవుడి పేరు ఎందుకు తీసుకున్నానో.

డిసెంబరు 4, గురువారం

మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ మఫ్లరు మరిచిపోయి వెనక్కి వచ్చాను. గది తలుపు తీసే ఉంది. నేను పొద్దున చూసి బాగుందని పక్కన పెట్టిన నూనె డబ్బా మూత తీసి ఉంది. ఆ పిల్ల డబ్బాలు మోసే మనిషితో మాట్లాడుతోంది.

"ఇది మరిగే వాయిలో పొయ్యొద్దు. వెనక్కి పంపించెయ్. పెద్దక్క చెప్పమంది."

"పొద్దున బాగుందందిగా?"

"మళ్ళీ చూసింది. తీసుకెళ్ళు బాబూ, నీకెందుకు!"

నా పేరు చెప్పి నేను మంచిదన్న నూనెని వెనక్కి పంపుతోంది! ఇన్నేళ్ళలో గట్టిగా మాట్లాడని దాన్ని, గట్టిగా అడిగాను.

డిసెంబరు 5

పనికి వెళ్ళలేదు. ఆయనతో నడుంనొప్పి అన్నాను.

డిసెంబరు 6

నడుంనొప్పి.

డిసెంబరు 7, ఆదివారం

రాయకుండా ఉంటే జరగనట్టు అవుతుందనుకున్నాను. అవలేదు. రాస్తాను.

"నేను పాసు చేసిన డబ్బా వెనక్కి పంపడానికి నువ్వెవరివి?" అన్నాను. డబ్బాల మనిషి జారుకున్నాడు.

ఆ పిల్ల పారిపోలేదు. డబ్బాలో పట్టీ ముంచి నాకిచ్చింది. "మళ్ళీ చూడండి పెద్దక్కా."

చూశాను. ఏ వాసనా లేదు. మంచి నూనెకి వాసన ఉండదు కదా. అదే అన్నాను.

"పాడైపోయింది పెద్దక్కా. గుమ్మం దగ్గరికే కొడుతోంది."

"నీ జలుబు ముక్కుకి ఏం తెలుసు!"

అప్పుడు నేనే పందెం కట్టినట్టు కళ్ళు మూసుకున్నాను. ఏది కావాలంటే అది ఇవ్వు, చెబుతానన్నాను. పట్టీ ముక్కు దగ్గర కదిలింది. మోచేతి మడతలో పీల్చుకుని మళ్ళీ చూశాను. "గులాబీ. పల్చగా ఉంది. నువ్వు పల్చన చేసిన గులాబీ" అన్నాను.

కళ్ళు తెరిచాను. ఆ పిల్ల ఏడుస్తోంది. చేతిలో పట్టీ పొడిగా ఉంది.

"ముంచలేదు పెద్దక్కా. ఏం ముంచాలో తెలియక అలాగే పట్టుకున్నాను. మీరు ఏ వాసనా లేదంటారేమో అనుకున్నాను."

కుర్చీలో కూలబడి మళ్ళీ మోచేతిలో ముక్కు పెట్టుకున్నాను. నా ఒళ్ళు నాకు తెలియలేదు. గుడ్డ ఉంది, చర్మం వెచ్చగా ఉంది, అంతే. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందో! రోజూ పీలుస్తూనే ఉన్నాను, ఏమీ తగలకపోయినా తగిలినట్టే తల ఎత్తుతున్నాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"చలికి ముందే. ఒక డబ్బా మొత్తం పాడైపోయినా పాసు చేశారు. అప్పటి నుంచి మీరు వెళ్ళాక అన్నీ ఒకసారి చూసి సరిచేస్తున్నాను. సీసాలు కూడా చూస్తున్నాను, మీరు పల్చబడ్డాయంటున్నారని. అవి బాగానే ఉన్నాయి పెద్దక్కా."

"నాతో చెప్పొచ్చు కదా!"

"చెబితే ఏమనేవారు? నన్నే అనుమానించేవారు."

"ఛ, నేనెందుకు అనుమానిస్తాను?" అన్నాను.

ఆ మాట అన్నాను. ఇది కూడా ఇక్కడ ఉండాలి.

వెళ్ళేముందు మెల్లిగా చెప్పింది: "ఎవరికీ తెలియక్కర్లేదు. జలుబు చేసిందని చెప్పండి. వారం ఇంట్లో ఉండి డాక్టరుకి చూపించుకోండి. ఈ నెల నేను ఉంటాను కదా, చూసుకుంటాను."

తనని నెలాఖరుకి పొమ్మన్నది ఎవరి మాట మీదో తెలియక అంటోంది. లేదా తెలిసే అంటోందా?

డిసెంబరు 8

మేనేజరు గారి దగ్గరికి నిజం చెప్పడానికే వెళ్ళాను. బస్సులో అంతా మాటలు కూర్చుకున్నాను. గుమ్మంలో నిలబడగానే నా నోటి నుంచి వచ్చింది ఇది: "నాకు జలుబు చేసిందండీ. కొన్నాళ్ళ నుంచే ఉంది, నేనే ఒప్పుకోలేదు. అందుకే అత్తర్లు పల్చగా అనిపించాయి. ఆ అమ్మాయి తప్పేం లేదు. తాళంచెవి తనకి ఇచ్చేయండి. ఉద్యోగం తీసెయ్యొద్దు."

"మీకు జలుబా!" అని కుర్చీలోంచి లేచారు. ఆ మాట కార్ఖానా అంతా పాకింది. ప్యాకింగు వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దూరంగా నిలబడి సలహాలు ఇచ్చారు. "పెద్దక్కా, చేతులు మణికట్ల దాకా కడగాలి!" "పెద్దక్కా, మోచేతిలోకి తుమ్మండి!" "శాలువా బయట తగిలించండి, మీ పద్ధతే!" ఇన్నాళ్ళూ నేను వాళ్ళ ప్రాణం తీసినందుకు తీరిగ్గా బదులు తీర్చుకున్నారు. నవ్వుతూ ఒకరు నా గ్లాసుని విడిగా పెట్టారు. రాని తుమ్ముని తెప్పించుకుని మరీ తుమ్మాను.

ఆ పిల్లకి తాళంచెవి తిరిగి ఇచ్చారు. ఆ ఒక్కటీ నిజంగా జరిగింది.

డిసెంబరు 9

ప్రార్థన కుదరలేదు. మంచికోసమే అబద్ధమాడానని దేవుడికి చెప్పబోయాను. సగం మంచికోసం, సగం నా ముక్కు పరువు కోసం. ఆయనకి లెక్క తెలుసు.

డిసెంబరు 11

డాక్టరు గొంతులోకీ ముక్కులోకీ లైటు వేసి చూశాడు.

"జలుబేం లేదమ్మా. ముక్కు శుభ్రంగా ఉంది."

"శుభ్రంగా ఉంటే పనిచేయదేం?"

"కొందరికి జలుబు లేకుండానే వాసన తగ్గుతుంది. కారణం ఇదీ అని ఇప్పుడే చెప్పలేను. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు." ఇంకొన్ని పరీక్షలు రాశాడు. ఈలోపు ఘాటైన వాసనలు కొన్ని తీసుకుని రోజూ పొద్దునా సాయంత్రం ఓపిగ్గా చూడమన్నాడు. వాసన రాకపోయినా అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలట.

"మరి చేతులు కడుక్కోవడం, ఆవిరి, ఉప్పునీళ్ళు, ఇవన్నీ?"

"మంచి అలవాట్లే, మానకండి. మీకు జలుబు రాకుండా అవి కాపాడాయేమో. కానీ ముక్కుకి వచ్చే తిప్పలు జలుబొక్కటే కాదు కదమ్మా."

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. మిషను ఆపేశారు.

"పాలు ఎన్నిసార్లు మాడాయండీ?"

"అప్పుడప్పుడు."

"మాడితే చెప్పకుండా ఎందుకు తాగారు?"

"మొదటిసారి చెప్పానుగా. నవ్వేశావు. తర్వాత నువ్వు గిన్నె దగ్గరే నిలబడి కూడా మాడబెట్టావే. అప్పుడు భయమేసి నోరు మూసుకున్నాను" అన్నారు.

ఆయన కూడా. ఈ ఇంట్లో, ఆ గదిలో అందరూ నా వెనకాల సర్దుతూనే ఉన్నారు. నేను మాత్రం వాళ్ళ వెనకాల వెతుకుతున్నాను.

డిసెంబరు 15, సోమవారం

"జలుబు తగ్గిందా పెద్దక్కా?" అన్నారు మేనేజరు గారు.

"జలుబు లేదండీ. ఎప్పుడూ లేదు" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. కుర్చీ ఆ అమ్మాయికి ఇవ్వమన్నాను. ఆయన చాలాసేపు బల్ల మీది కాగితాలు సర్దారు. "గది గుమ్మం దగ్గర పద్ధతులు చూసే మనిషి కావాలి. మీరు లేకపోతే వీళ్ళు చేతులు కడుగుతారా?" అన్నారు.

జాలిపడి అన్నారేమో. అయినా ఒప్పుకున్నాను.

డిసెంబరు 21, ఆదివారం

ఆయన పొద్దున్నే నా కళ్ళకి తువ్వాలు కట్టి ఏదో ముక్కు దగ్గర పెట్టారు. "నిమ్మకాయేనా?" అన్నాను. "అవునే! వచ్చేసిందే నీ ముక్కు!" అని ఎగిరినంత పని చేశారు. తువ్వాలు తీసేసరికి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మాడిన పాలు కిక్కురుమనకుండా తాగిన మనిషిని ఎలా నమ్మడం? చేతులు చూపించమంటే చూపించలేదు.

డిసెంబరు 28, ఆదివారం

ఆ పిల్ల ఇంటికి వచ్చింది. చెప్పకుండానే శాలువా బయట తగిలించి చేతులు కడుక్కుంది. ఒక్క తుమ్ము కూడా రాలేదు. చిన్న సీసాల్లో గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ తెచ్చింది.

"నువ్వైతే మొహమాటపడవు. నువ్వు పట్టుకో" అన్నాను.

కళ్ళు మూసుకున్నాను. పట్టీ వచ్చింది. మోచేతి మడతలో పీల్చి మళ్ళీ చూశాను. గులాబీ అనాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏమీ లేదు" అన్నాను.

"నిజంగానే ఏమీ లేదు పెద్దక్కా. ముంచలేదు."

ఇద్దరం నవ్వాం. ఆయన కిందనుంచి ఏమైందని అరిచారు. తర్వాత ఇంకో పట్టీ పెట్టింది. చాలాసేపు పీల్చాను. చాలా దూరాన ఎవరో ఏదో మాట్లాడుతున్నట్టు ఉంది.

"ఏదో ఉంది. ఏమిటో తెలియదు."

"ఏమిటో నేనూ చెప్పను. వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుతాను" అని పట్టీ తనతోనే తీసుకెళ్ళిపోయింది. మాటవరసకి కూడా అవునో కాదో అనలేదు. ముందు కోపం వచ్చింది. తర్వాత కృతజ్ఞత కలిగింది.

వెళ్తూ గుమ్మంలో ఆగింది. "నన్ను పొమ్మన్నప్పుడు ఎవరేం చెప్పారో నేను మేనేజరు గారిని అడగలేదు పెద్దక్కా. అడగను కూడా."

శాలువా కప్పుకుని మెట్లు దిగింది. తనకి తెలుసు. తెలియదనుకోవాలని ఎంత ప్రయత్నించినా కుదరడం లేదు. నా నోటితో నేను చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. వచ్చే ఆదివారం, పట్టీ కంటే ముందు అది చెబుతాను.

ఈ డైరీని మళ్ళీ దుప్పట్ల కిందే పెడుతున్నాను. నా తర్వాత ఇది ఎవరి చేతికైనా వస్తే, చించొద్దు. ఇందులో నేను ఆ పిల్లని అన్న మాటలన్నీ నావే, ఉండనివ్వండి. కానీ ఎవరికీ చూపించొద్దు. ఆయనకి చూపిస్తే నవ్వి ఊరుకుంటారు. ఆ పిల్లకి మాత్రం, నేను నోటితో చెప్పానని తెలిసినా సరే, చూపించొద్దు. చెప్పడం వేరు. ఇంత వివరంగా చదవడం వేరు.